బోరు నీళ్ల ఊళ్లో ఎర్ర గులాబీ: చిన్న వాకిట్లో పెంచుకునే పద్ధతి

నల్లగొండలో మా ఇల్లు నూరు గజాల్లో ఉంది. గేటుకు, మెట్లకు మధ్య మిగిలిన జాగా నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు. బండి అక్కడే పెట్టాలి, తులసి గద్దె అక్కడే ఉండాలి. ఆ మూలల్లోనే ఇప్పుడు మూడు ఎర్ర గులాబీ చెట్లు నేలలో ఉన్నాయి, ఇంకో నాలుగు డాబా మీద కుండీల్లో. నీళ్లు పోయడం పక్కన పెడితే, వారానికి పావుగంట కంటే ఎక్కువ పని వాటితో ఉండదు.

అంతకుముందు మూడేళ్లలో ఎనిమిది మొక్కలు చచ్చిపోయాయి. ఎండకే పోతున్నాయని గ్రీన్ నెట్ కట్టాను, ఎరువు పెంచాను, అయినా ఆగలేదు. అసలు సంగతి తెలిసింది ఒక కుండీ కింద పడి పగిలినప్పుడు. లోపలి మట్టి పైనుంచి అడుగుదాకా తెల్లగా పేరుకుపోయి ఉంది. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. ఇంట్లో ఆర్వో మిషన్ వదిలే వేస్టు నీళ్లను పారబోయడం ఎందుకని రోజూ బకెట్‌తో గులాబీలకే పోసేదాన్ని. బోరులో ఉండే ఉప్పంతా చిక్కబడి ఆ నీళ్లలోకే వస్తుంది. ఎనిమిది మొక్కలనూ చంపింది ఎండ కాదు, ఆ నీళ్లు. అందుకే ఈ పద్ధతిని మొక్క దగ్గర కాదు, నీళ్ల దగ్గర మొదలుపెడుతున్నాను.

ముందు నీళ్ల సంగతి తేల్చుకోండి

గులాబీకి కొద్దిగా పులుపు గుణం ఉన్న మట్టి కావాలి. పీహెచ్ 6 నుంచి 6.5 మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. మన దగ్గర చాలా బోర్ల నీళ్లు దీనికి ఎదురు గుణం కలవి. నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు. నీళ్లలోంచి దాన్ని తీసే ఒక పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే వచ్చింది. పాలమూరు వైపు కూడా రాతి పొరల్లోంచి తోడే నీళ్లు చాలాచోట్ల గట్టి నీళ్లే. మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి ల్యాబ్‌దాకా పోనక్కర్లేదు. కందిపప్పు ఓ పట్టాన ఉడకకపోయినా, సబ్బు నురగ రాకపోయినా, బకెట్ అంచుకు తెల్లటి పొర కట్టినా అవి గులాబీకి కష్టమైన నీళ్లే.

అన్నిటికంటే మంచివి వాన నీళ్లు. డాబా పైపు కింద ఒక డ్రమ్ము పెడితే వానకాలం నాలుగు నెలలూ సగం అవసరం తీరుతుంది. తర్వాత ఏసీ నుంచి కారే నీళ్లు. గాలిలోని తేమ చల్లబడి కారుతుంది కాబట్టి వాటిలో ఉప్పు ఉండదు. ఆ తర్వాత నల్లా నీళ్లు. ఇవేవీ లేకపోతే బోరు నీళ్లు. ఆర్వో వేస్టు నీళ్లు, ఎండకాలంలో కూలర్ అడుగున మిగిలే నీళ్లు మాత్రం గులాబీ మొదట్లో ఒక్క చెంబు కూడా పోయకండి. కూలర్‌లో నీళ్లు ఆవిరై పోతుంటే ఉప్పు అడుగునే ఉండిపోతుంది. ఆ నీళ్లు వాకిలి కడగడానికి, బండి కడగడానికి పనికొస్తాయి.

రోజూ పోయడానికి బోరు తప్ప వేరే దిక్కు లేకపోయినా గులాబీ పెంచలేమని కాదు. పదిహేను రోజులకోసారి కుండీని కడిగినట్టు నీళ్లు పెట్టండి. అంటే నల్లా నీళ్లో వాన నీళ్లో తీసుకుని, అడుగు రంధ్రంలోంచి ధారగా పోయేదాకా పోసి, పది నిమిషాలాగి మళ్లీ పోయాలి. మట్టిలో చేరిన ఉప్పు కొంత దాంతో కొట్టుకుపోతుంది. కుండీ కింద ప్లేటు పెట్టకండి. దిగిన ఉప్పు నీళ్లు ప్లేటులో నిలిచి మళ్లీ పైకి ఎక్కుతాయి.

ఏ రకం తెచ్చుకోవాలి

నర్సరీకి పోగానే కంటికి కనపడేది పొడుగు కాడ మీద అరచేతంత పువ్వు ఉన్న డచ్ గులాబీ. దాన్ని వదిలేయండి. తాజ్‌మహల్ లాంటి ఎర్ర రకాలను పాలీహౌస్‌లో, మందులు కొడుతూ, కొలిచి ఎరువులు ఇస్తూ పెంచుతారు. మే నెలలో మన డాబా మీద అవి నిలవవు.

పని తక్కువ కావాలంటే గుత్తులుగా పూసే రకాలు చూడండి. పూల రైతులు విడిపూల కోసం వేసే ఎర్ర మిరాబుల్ మంచిది. పువ్వు చిన్నదే, కానీ చెట్టు గట్టిది. రెండోది, చాలామంది ఎర్ర నాటు గులాబీ అని పిలిచేది. ఆ పేరుతో అమ్మేవాటిలో గ్రస్ ఆన్ టెప్లిట్జ్ అనే పాత రకం దొరికితే మరీ మంచిది. 1897లో యూరప్‌లో పుట్టించిన ఈ రకం మన దేశంలో బాగా కుదురుకుంది. ముదురు ఎరుపు, తల కాస్త వంచుకునే పువ్వు, గది నిండే వాసన. పైగా కొమ్మ గుచ్చినా బతుకుతుంది. దాన్ని పేరు కంటే ఈ లక్షణాలతో గుర్తుపట్టడం తేలిక. జాగా మరీ తక్కువైతే, కిటికీ గట్టు మాత్రమే ఉంటే, ఎర్ర బటన్ గులాబీ చాలు. అది పది అంగుళాల కుండీలో సర్దుకుంటుంది.

అమెరికాలో 2000లో వచ్చిన నాక్ అవుట్ అనే ఎర్ర రకానికి నల్లమచ్చ తెగులును తట్టుకుంటుందని మంచి పేరు. దొరికితే పెట్టుకోండి, దొరకలేదని వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

మొక్కను ఎంచేటప్పుడు పువ్వు చూడకండి, కింద చూడండి. మొదట్లో అంటు కట్టిన ముడి గట్టిగా ఉండాలి. ముడి పైనుంచి కనీసం రెండు మూడు కొమ్మలు రావాలి. పూలు విరగబూసి, ఒకే కొమ్మ మీద నిలబడ్డ మొక్క కంటే పూలు లేకుండా మూడు కొమ్మలున్న మొక్కే నయం.

మట్టి ముద్దను విడదీయండి

ఈ ఒక్క పని చేయక పోయే మొక్కలు చాలా. మన నర్సరీలకు వచ్చే గులాబీలు ఎక్కువగా తూర్పు గోదావరి జిల్లా కడియం లాంటి చోట్ల నుంచి లారీల్లో వస్తాయి. దారిలో వేళ్లు ఎండకుండా జిగురు మట్టిని ముద్దగా చుట్టి పంపుతారు. ఆ ముద్ద ఎండితే ఇటుకలా అవుతుంది. అలాగే పాతిపెడితే, చుట్టూ ఎంత మంచి మట్టి వేసినా నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద లోపల వేళ్లు పొడిగానే ఉంటాయి. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క ఎందుకు వాడుతోందో మనకు అర్థం కాదు.

ఇంటికి తెచ్చాక వారం రోజులు నీడపట్టున ఉంచండి. తర్వాత కవర్ చింపి, ముద్దను బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టండి. మెత్తబడ్డాక నీళ్లలోనే వేళ్లతో మెల్లగా నొక్కుతూ పైమట్టిని కరగనివ్వండి. సగం ముద్ద పోయి, తెల్లటి సన్న వేళ్లు బయటికి కనిపిస్తే ఆపేయండి. పూర్తిగా కడగకండి, లోపలి సగం మట్టి అలాగే ఉండాలి. ఈ పని వానకాలంలోనో చలికాలంలోనో మాత్రమే చేయాలి. మార్చి దాటాక తెచ్చిన మొక్కను ముట్టుకోకుండా కవర్‌లోనే నీడలో బతికించి, మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక నాటండి.

జాగా, గుంత, మట్టి

రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి, అది పొద్దుటి ఎండైతే ఇంకా మేలు. తూర్పు వాకిలి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పడమటి గోడ మాత్రం వద్దు. సాయంత్రం ఏడింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, ఎంత వేడి మింగిందో తెలుస్తుంది. ఆ వేడిని రాత్రంతా మొక్క మీదికే వదులుతుంది.

నేలలో పెట్టేవాళ్లు అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంత తవ్వండి. కాంపౌండు గోడ పక్కన తవ్వితే సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, సున్నం వస్తాయి. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు మిగిలినదంతా అక్కడే పూడ్చి ఉంటారు. ఆ మట్టిని మళ్లీ గుంతలో వేయకండి. మొత్తం ఎత్తి పారేసి బయటినుంచి మట్టి తెచ్చుకోండి. సిమెంటు, సున్నం ఉన్న మట్టిలో గులాబీ ఆకులు ఎప్పటికీ పసుపుగానే ఉంటాయి.

కుండీ అయితే పన్నెండు అంగుళాలకు తగ్గకూడదు. మట్టి కుండీ అన్నిటికంటే చల్లగా ఉంటుంది. ఖాళీ పెయింటు బకెట్ 20 లీటర్లది కూడా బాగా పనికొస్తుంది, అడుగున వేలు పట్టే రంధ్రాలు ఐదారు పెట్టాలి. నల్ల రంగు ప్లాస్టిక్ కుండీ ఎండకు కాలిపోతుంది, దాని చుట్టూ గోనె సంచి చుట్టండి.

మట్టి కలిపే లెక్క: చెల్క ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల పెంట ఒక వంతు, ఇసుకో కొబ్బరి పొట్టో ఒక వంతు. కొబ్బరి పొట్టును ముందు మంచినీళ్లలో నానబెట్టి పిండాలి, దానిలోనూ ఉప్పు ఉంటుంది. కుండీకి రెండు పిడికిళ్ల వేప పిండి కలపండి. పెంట పచ్చిగా ఉంటే చెదలు, వేరు పురుగు పిలిచినట్టే వస్తాయి, ఎర్ర చెల్కల్లో ఈ బాధ మరీ ఎక్కువ. చేతిలోకి తీసుకుంటే వాసన లేకుండా, చాయపత్తిలా పొడిపొడిగా ఉండాలి. నల్లరేగడి వద్దు, నీళ్లు పట్టి ఉంచి వేళ్లను కుళ్లబెడుతుంది.

నాటడం

సాయంత్రం నాటండి. అంటు ముడి మట్టికి ఒకటి రెండు అంగుళాలు పైనే ఉండాలి, పూడ్చకూడదు. మొదలు చుట్టూ అరచేత్తో అదిమి నిండా నీళ్లు పోయండి. ఒక మొక్కకు ఇంకో మొక్కకు రెండడుగుల దూరం ఉంచండి. నెలరోజులదాకా ఎరువు ఊసే ఎత్తకండి.

ముడి కిందినుంచి ఎప్పుడైనా కొమ్మ లేస్తే అది మీ గులాబీది కాదు, అడుగున ఉన్న అడవి గులాబీది. తొందరగా, నిటారుగా పెరుగుతుంది. బాగా పెరుగుతోందని చూసి మురిసిపోయి వదిలేస్తే ఏడాదిలో అసలు చెట్టును తినేస్తుంది. కత్తిరించకుండా, మొదట్లో పట్టుకుని కిందికి లాగి పీకేయండి.

రోజువారీ నీళ్లు

మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దింపండి. తడి తగిలితే ఆ రోజుకు వద్దు, పొడిగా ఉంటే పోయండి. చలికాలంలో నేలలోని చెట్టుకు నాలుగు రోజులకోసారి, కుండీకి రోజు విడిచి రోజు సరిపోతుంది. ఎండకాలంలో కుండీకి రోజూ పొద్దున్నే పోయాలి, మధ్యాహ్నం వాడిపోయినట్టు ఉన్నా అప్పుడు పోయకండి. పైపులో నిలిచిన నీళ్లు ఆ టైంలో చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి.

మొదట్లో రెండంగుళాల మందం మల్చింగ్, అంటే మట్టి మీద కప్పే పొర, వేస్తే నీళ్ల పని సగం తగ్గుతుంది. దీనికి డబ్బు పెట్టనక్కర్లేదు. పాలమూరు, గద్వాల వైపు పల్లికాయ పొట్టు దొరుకుతుంది. మిర్యాలగూడ చుట్టుపక్కల రైసు మిల్లుల దగ్గర ఊక ఉంటుంది. ఏదీ లేకపోతే ఎండాకులు చాలు. కాండానికి తగలకుండా మూడు వేళ్ల ఎడం వదలండి.

ఎరువు

రెండు నెలలకోసారి కుండీకి రెండు పిడికిళ్ల మాగిన పెంట లేదా వర్మీ కంపోస్టు, ఒక పిడికెడు వేప పిండి. పైమట్టిని ఒక అంగుళం గుల్ల చేసి కలిపి, నీళ్లు పోయండి. పువ్వు ఎక్కువ కావాలంటే పూసే నెలల్లో నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు లీటరు నీళ్లకు రెండు మూడు గ్రాములు కలిపి నెలకోసారి ఇవ్వండి. పొలానికి తెచ్చిన డీఏపీ, యూరియా మిగిలిందని కుండీలో పిడికెడు వేస్తారు కొందరు, అంత చిన్న కుండీలో అది వేళ్లను కాల్చేస్తుంది. కోడిగుడ్డు పెంకులు కూడా మన గట్టి నీళ్లకు అవసరం లేదు. వాటిలో ఉన్న సున్నం మన బోరు నీళ్లే కావలసినంత ఇస్తున్నాయి. వాడిన చాయపత్తి వేయాలనుకుంటే పాలు, చక్కెర పోయేదాకా కడిగి ఆరబెట్టి వేయండి, లేదంటే చీమలు పడతాయి.

లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందట్లేదని గుర్తు. ఎరువుల దుకాణంలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) అడగండి. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద కొట్టండి. చిగుళ్లు మరీ లేతగా ఉంటే మోతాదు సగానికి తగ్గించండి. వారం ఆగి ఇంకోసారి కొడితే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. ఆ నీళ్లు గోడ మీద, బట్టల మీద పడితే తుప్పు మరక పోదు, జాగ్రత్త.

రాఖీకి ఒకసారి, దసరా తర్వాత ఒకసారి

కొమ్మ కత్తిరించాక మళ్లీ పువ్వు రావడానికి సుమారు 45 రోజులు పడుతుంది. ఈ ఒక్క లెక్క చేతిలో ఉంటే ఏ పండక్కి పూలు కావాలో మీరే నిర్ణయించుకోవచ్చు. రాఖీ పున్నమికి, ఎంగిలిపూల బతుకమ్మ పేర్చే పెత్రమాసకు మధ్య మామూలు ఏడాదిలో నెలన్నర ఉంటుంది. అందుకే నేను రాఖీ నాడు, పండగ పనులన్నీ అయ్యాక, కత్తెర తీసుకుని వాకిట్లోకి వస్తాను. ప్రతి కొమ్మకూ పై నుంచి జానెడు తీసేస్తాను, అంతే. తొమ్మిది రోజుల బతుకమ్మకు గునుగు, తంగేడు బయటినుంచి వస్తాయి, నడిమిట్లో పెట్టే ఎర్ర గులాబీలు మాత్రం మా చెట్టువే.

దసరా అయిపోయి, వానలు తగ్గాక అసలు కత్తిరింపు చేయాలి. ఎండిన కొమ్మలు, పెన్సిల్ కంటే సన్నవి, ఒకదానికొకటి రాసుకునేవి పూర్తిగా తీసేయండి. మిగిలిన నాలుగైదు గట్టి కొమ్మలను సగానికి తగ్గించండి. కొమ్మను దగ్గరగా చూస్తే ఆకు ఊడిన చోట ఎర్రటి చిన్న బొడిపె కనిపిస్తుంది, అదే కన్ను. చెట్టు మధ్యలోకి కాకుండా బయటికి చూసే కన్నును ఎంచుకుని, దానికి పావు అంగుళం పైన, ఏటవాలుగా కోయండి. వాలు కన్నుకు అవతలి పక్కకు ఉండాలి, వాన నీళ్లు కన్ను మీద పడకుండా. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందును ముద్దలా కలిపి రాయండి. లేకపోతే కొమ్మ కొస నుంచి నల్లగా ఎండుకుంటూ కిందికి దిగుతుంది. అలా దిగడం కనిపిస్తే, లోపల తెల్లటి కలప తగిలేదాకా కోసేయాలి.

కత్తిరించాక పదిరోజులు చెట్టు మోడులా ఉంటుంది. టెన్షన్ పడకండి. నవంబరు చివరికల్లా మొగ్గలు వస్తాయి, సంక్రాంతి దాటేదాకా పూస్తూనే ఉంటుంది.

పూలు తెంపడంలో కూడా ఒక మాట. జడలోకనో, దేవుడికనో మెడ దగ్గర పుటుక్కున తుంచేస్తాం. మిగిలిన కాడ ఎండి, ఆ ఎండు కిందికి పాకుతుంది. తెంపకండి, కత్తెరతో కోయండి. పువ్వు కింద ఐదు రెబ్బల ఆకు మొదట ఎక్కడ కనపడితే దానికి కొద్దిగా పైన కోస్తే అక్కడినుంచే కొత్త చిగురు వస్తుంది. వాడిన పూలను కూడా అలాగే తీసేయండి.

పురుగులు, తెగుళ్లు

గట్టి రకం పెట్టుకున్నాక వీటితో పెద్దగా పేచీ ఉండదు. వానకాలంలో ఆకుల మీద గుండ్రటి నల్ల మచ్చలు వస్తే ఆ ఆకులు ఏరి చెత్తబండిలో వేయండి, కంపోస్టులో కాదు. పక్క ఆకులకు కూడా పాకితే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కలిపి కొట్టండి. ఎండకాలంలో ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి బూజు, పైన ఇటుక పొడి చల్లినట్టు కనిపిస్తే ఎర్రనల్లి. దానికి మందు కంటే నీళ్లే మేలు, పొద్దున్నే ఆకు అడుగుభాగం తడిసేలా జోరుగా పిచికారీ చేయండి. పిండినల్లి, పేనుబంకకు లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చెంచాల కుంకుడుకాయ రసం గిలక్కొట్టి సాయంత్రం కొట్టండి. కుంకుడు రసం లేకపోతే నూనె నీళ్లలో కలవదు.

కోతుల బెడద ఉన్న వాడల్లో మొగ్గలు మిగలవు. డాబా మీది కుండీల మీద వల కప్పడం తప్ప నాకు వేరే దారి దొరకలేదు.

మే నెల

ఇది చెట్టుకు విశ్రాంతి కాలం, దాని దగ్గర పూలు ఆశించకండి. ఏప్రిల్ చివరినుంచి ఎరువు, కత్తిరింపులు ఆపేయండి. వచ్చిన చిన్న మొగ్గలను గిల్లేయండి. కుండీలన్నీ ఒకచోటికి, ఒకదానికొకటి ఆనుకునేలా జరిపితే ఒకదాని నీడ ఇంకోదానికి పనికొస్తుంది. మధ్యాహ్నం ఎండ పడేచోట 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టండి. రోహిణి కార్తె వడగాలికి ఆకులు సగం రాలినా కంగారు వద్దు. కొమ్మను గోటితో కొద్దిగా గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది, మొదటి వానకు చిగురిస్తుంది.

కొమ్మ నుంచి కొత్త మొక్క

దసరా తర్వాత కోసిన కొమ్మలను పారేయకండి. నాటు గులాబీవైతే పెన్సిల్ మందం ఉన్నవి ఎంచి, జానెడు ముక్కలుగా కోయండి. కింది వైపు కణుపుకు కాస్త దిగువన కోయాలి. పైన ఒకటి రెండు ఆకులు తప్ప మిగిలినవి తీసేసి, ఇసుక, మట్టి సగం సగం కలిపిన కవర్‌లో సగం లోతు గుచ్చండి. ఏది పై వైపో ఏది కింది వైపో తారుమారు కాకుండా చూసుకోండి. నీడలో పెట్టి, మట్టి ఎండకుండా వాన నీళ్లో ఏసీ నీళ్లో చిలకరిస్తూ ఉండండి. మూడు వారాలకు చిగురు కనిపిస్తుంది. చిగురు వచ్చిందంటే వేరు వచ్చిందని కాదు, కొమ్మలో దాచుకున్న బలంతోనే ముందు చిగురిస్తుంది. వేరు పట్టిందో లేదో చూద్దామని లాగకండి. రెండు నెలలాగి, ఆకులు ముదిరి కవర్ అడుగు రంధ్రంలోంచి తెల్లటి వేరు తొంగిచూశాకే కుండీలోకి మార్చండి.